గీత ఎక్కడ గీశారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాపతువి. ఇంత కరెంటు పోశాం, అంత పని రాలేదేం అని. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఒక మిల్లులో బాయిలర్లూ మోటార్లూ చూసుకున్నవాణ్ణి. పొద్దున్నే డ్యూటీ ఎక్కగానే నా పని కూడా ఇదే: రాత్రి ఎంత వేశారు, ఎంత వచ్చింది, మిగతాది ఎటు పోయింది. అందుకని ఈ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని కూర్చున్నాను.

ప్రశ్న: సార్, శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం అని మా పాఠంలో ఉంది. రెండు పేజీల తర్వాత ఏ యంత్రానికీ 100 శాతం దక్షత ఉండదు అని ఉంది. నాశనం కానిది తగ్గడం ఏంటి? క్లాసులో అడిగితే అందరూ నవ్వారు. (పదో తరగతి విద్యార్థిని)

నవ్వినవాళ్ళని ఆ రెండు వాక్యాలూ కలిపి వివరించమను తల్లీ, అప్పుడు ఎవరు నవ్వుతారో చూద్దాం.

పాత ఫిలమెంటు బల్బు ఒకటి తీసుకో, 60 వాట్లది. దాంట్లోకి సెకనుకి 60 జౌల్స్ వెళ్తాయి. బయటికి కూడా సెకనుకి 60 జౌల్సే వస్తాయి, ఒక్కటీ తగ్గదు. కానీ అందులో కంటికి కనిపించే వెలుగు ఎంత? ఎంత ఉదారంగా లెక్కేసినా ఆరు జౌల్స్ దాటదు. మిగతాదంతా వేడి. అందుకే వెలుగుతున్న బల్బుని చేత్తో పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. శక్తి ఎక్కడికీ పోలేదు, నీకు కావలసిన రూపంలో రాలేదు, అంతే.

ఇప్పుడు అదే బల్బుని అప్పుడే పొదిగిన కోడిపిల్లల పెట్టెలో పెట్టు. అక్కడ కావలసింది వెచ్చదనం. ఇందాక దండగ అనుకున్న 54 జౌల్సే ఇక్కడ అసలు సరుకు. ఆ వెలుగు కూడా పెట్టె గోడలకి తగిలి చివరికి వేడిగానే మారుతుంది. బల్బు మారలేదు, కరెంటు మారలేదు, దక్షత మాత్రం పది శాతం లోపు నుంచి దాదాపు నూటికి పోయింది. ఎందుకంటే, దక్షత అంటే ఉపయోగపడిన శక్తిని ఇచ్చిన శక్తితో భాగించడం. అందులో ‘ఇచ్చిన శక్తి’ని మీటరు చెబుతుంది. ‘ఉపయోగపడిన’ది ఏదో మాత్రం మనమే చెప్పాలి.

ఇంకో మాట, పరీక్షలో పనికొస్తుంది. మీ పుస్తకంలో ‘సామర్థ్యం’ అంటే పవర్, సెకనుకి ఎన్ని జౌల్స్ అని. పేపర్లలో అదే మాటని ఎఫిషియెన్సీకీ వాడతారు, కెపాసిటీకీ వాడతారు. ‘ట్యాంకు సామర్థ్యం వెయ్యి లీటర్లు’ అంటే ఒకటి, ‘మోటారు సామర్థ్యం తగ్గింది’ అంటే ఇంకొకటి. నేనైతే ఎఫిషియెన్సీకి దక్షత అనే అంటాను, నువ్వూ అలాగే రాయి. సగం గందరగోళం అక్కడే పోతుంది.

ప్రశ్న: సంపు నుంచి ట్యాంకుకి 12 మీటర్ల ఎత్తు, ట్యాంకు వెయ్యి లీటర్లు. మోటారు ఒక హెచ్‌పీ, అంటే 746 వాట్లు. మా అబ్బాయి లెక్క ప్రకారం రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లలో నిండాలి. ఇరవై నిమిషాలు పడుతోంది. మోటారు అమ్మినవాళ్ళు మోసం చేశారా? (ఒక గృహస్థు)

మీ అబ్బాయి లెక్క తప్పు కాదండీ. వెయ్యి కిలోల నీళ్ళు 12 మీటర్లు ఎక్కాలంటే 1,17,600 జౌల్స్ చాలు. దాన్ని 746తో భాగిస్తే అతను చెప్పిన సెకన్లే వస్తాయి. కానీ ఆ 746 వాట్లు మోటారు షాఫ్టు చివర ఉండే లెక్క. నీళ్ళు ట్యాంకులో పడేలోగా ఇంకా చాలా దూరం ఉంది. గోడలోంచి మోటారు లాగేది కూడా 746 కాదు, అంతకంటే ఎక్కువ.

నా కథ చెబుతాను. మా ఇంటి ఎత్తు కూడా అటూ ఇటూగా మీదే. మొదట్లో ట్యాంకు పద్నాలుగు పదిహేను నిమిషాల్లో నిండేదేమో అనుకుంటూ ఉండేవాణ్ణి, రాసిపెట్టుకోలేదు. ఓ ఎండాకాలం ఇరవై రెండు నిమిషాలు పట్టడం గమనించాను. మిల్లులో ఇన్నేళ్ళు మోటార్లు విప్పినవాణ్ణి కదా, చూడగానే ‘వైండింగ్ పోయింది’ అని తేల్చేశాను. విప్పించి రీవైండింగ్ చేయించాను. బిగించి ఆన్ చేస్తే మళ్ళీ ఇరవై రెండు నిమిషాలే. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, గోడ గడియారం వంకా నా వంకా చూసింది.

అప్పుడు కూర్చుని కొలిచాను. ముందే చేయాల్సిన పని. మీరూ చేయొచ్చు, పరికరాలేం అక్కర్లేదు. కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక అంకె అచ్చేసి ఉంటుంది, మాదాని మీద 3200 అని ఉంది. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్, వెయ్యి వాట్లు గంటసేపు వాడినంత. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి మోటారొక్కటే నడిపి, ఫోన్లో టైమరు పెట్టి లెక్కపెట్టాను. నిమిషానికి 56. గంటకి 3360, దాన్ని 3200తో భాగిస్తే 1.05. మోటారు 1050 వాట్లు లాగుతోందన్నమాట. ఇరవై రెండు నిమిషాలంటే 1320 సెకన్లు. మొత్తం 13,86,000 జౌల్స్. అందులో నీళ్ళకి అందింది 1,17,600. దక్షత ఎనిమిదిన్నర శాతం.

ఎనిమిదిన్నర! మిల్లులో ఏ పంపయినా ఈ అంకె చూపిస్తే నేనే మెమో ఇచ్చేవాణ్ణి.

ఎక్కడ పోతోందో ఒక్కో మెట్టూ దిగుతూ చూడాలి. ఇంత చిన్న సింగిల్ ఫేజ్ మోటారు బాగున్నా 60, 65 శాతం దగ్గర ఉంటుంది, మిగతాది వేడి. దాని తలకాయలో తిరిగే ఇంపెల్లరు అందులో నలభై శాతం నీళ్ళకిస్తే గొప్పే, మిగతాది నీళ్ళని చిలకడానికే సరి. ఆ తర్వాత పైపు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మాది ముప్పావు అంగుళం పైపు, పైకి వెళ్ళేలోపు ఎల్బోలు ఏడు. పైపు రాపిడి ఒక వింత లెక్క: నిమిషానికి అన్నే లీటర్ల నీళ్ళు రావాలంటే, వ్యాసం సగమైతే రాపిడి రెట్టింపు కాదు, నాలుగింతలూ కాదు, ముప్పై రెండింతలు. అంగుళం పైపుకి బదులు ముప్పావు వేస్తేనే నాలుగింతలకి పైన. మా పంపు 12 మీటర్లు ఎత్తుతున్నాననుకుంటోంది గానీ, రాపిడి కలుపుకుంటే పాతిక మీటర్ల పైకి తోస్తున్నంత కష్టం పడుతోంది. దీనికి తోడు సంపులో, పైపు అడుగు చివర ఉండే ఫుట్ వాల్వు జాలీ నిండా నాచు.

జాలీ తోమించి, అంగుళం పైపు వేయించాను. పద్నాలుగు నిమిషాల్లో నిండింది. మళ్ళీ లెక్కపెడితే నిమిషానికి 57 మెరుపులు, అంటే లాగే కరెంటు కాస్త పెరిగింది కూడా. అయినా మొత్తం ఖర్చు తొమ్మిది లక్షల జౌల్స్ లోపే. దక్షత 13 శాతం. ఇప్పటికీ గొప్ప అంకేం కాదు, కానీ ఇళ్ళల్లో చిన్న పంపులు ఇలాగే ఉంటాయి. మోటారు 0.60, పంపు 0.40, పైపు 0.60 అనుకుని గుణించి చూడండి, 14 శాతం వస్తుంది. ఇలా వరసలో ఉన్న వాటిని కూడకూడదు, గుణించాలి. మూడింట్లో ఏదీ మరీ అధ్వానం కాదు, అయినా గుణిస్తే మిగిలేది అంతే.

కాబట్టి అమ్మినవాళ్ళని తిట్టే ముందు ఎర్ర లైటు లెక్కపెట్టండి. నిమిషానికి ఎన్నో, ఏ పైపో, ఎల్బోలెన్నో రాసి పంపితే మళ్ళీ మాట్లాడుకుందాం. రీవైండింగ్ మాత్రం అప్పటిదాకా ఆపండి.

ప్రశ్న: రూమ్ హీటరు 100 శాతం ఎఫిషియెంట్ అని అమ్మే అతను చెప్పాడు. పక్కనే ఉన్న ఏసీ హీటింగ్ మోడ్‌లో 350 శాతం అన్నాడు. నూటికి నూరు అంటేనే నమ్మబుద్ధి కాలేదు, మూడువందల యాభై ఏమిటండీ? (ఒక రిటైర్డ్ టీచర్)

మాస్టారూ, రెండూ నిజమే. అదే చిరాకు.

హీటరు 2000 వాట్లు లాగి 2000 వాట్ల వేడి గదిలో పోస్తుంది. తీగ వేడెక్కినా, ఫ్యాను తిరిగినా, ఎర్రటి వెలుగొచ్చినా, అన్నీ ఆఖరికి గదిలో వేడే. దండగ అవడానికి ఇంకో దారి లేదు. ‘ఇచ్చిన శక్తి’ ఇక్కడినుంచే లెక్క అని గీత ప్లగ్గు దగ్గర గీస్తే నూటికి నూరే. కానీ ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చింది? బొగ్గు కాల్చిన కేంద్రం నుంచి అయితే, అక్కడ మూడు పాళ్ళు బొగ్గు వేడి వేస్తే ఒక పాలు కంటే కొంచెం ఎక్కువ కరెంటు వస్తుంది. వైర్లలో ఇంకాస్త పోతుంది. గీతని బొగ్గు కుప్ప దగ్గర గీస్తే అదే హీటరు దక్షత మూడో వంతుకి పడిపోతుంది.

బొగ్గు కేంద్రంలో అంత దండగేమిటని అడుగుతారని తెలుసు. అది ఇంజనీర్ల బద్ధకం కాదు. 1824లో సాది కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, ఒక సంగతి తేల్చాడు: వేడి నుంచి పని రాబట్టే ఏ యంత్రానికైనా ఒక పైకప్పు ఉంది, దాన్ని నిర్ణయించేది వేడి వైపూ చల్లటి వైపూ ఉన్న ఉష్ణోగ్రతలు మాత్రమే. ఆవిరి 550 డిగ్రీలు, చల్లార్చేచోట 40 డిగ్రీలు అనుకోండి. కెల్విన్లలో 823, 313. ఏ లోపమూ లేని యంత్రానికి కూడా 62 శాతం దాటదు. నిజం యంత్రాలకి రాపిడీ, లీకులూ, పొగగొట్టం అన్నీ ఉంటాయి కాబట్టి ఇంకా కిందే.

ఇక ఏసీ సంగతి. అది వేడిని తయారు చేయదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి మోసుకొస్తుంది. చలికాలపు గాలిలో కూడా వేడి ఉంటుంది. ఒక పాలు కరెంటు, బయటినుంచి రెండున్నర పాళ్ళ వేడి, గదిలోకి మూడున్నర పాళ్ళు. మీ లెక్కల పుస్తకంలో రెండు వైపులా సరిపోయింది కదా? ఇచ్చినదాంట్లో బయటి వేడిని కలపకుండా భాగిస్తే 350 శాతం వస్తుంది. అందుకే చదువుకున్నవాళ్ళు దాన్ని దక్షత అనరు, సీఓపీ (కోఎఫిషియెంట్ ఆఫ్ పెర్ఫార్మెన్స్) అంటారు, శాతం గుర్తు పెట్టకుండా 3.5 అని రాస్తారు. అమ్మేవాళ్ళకి శాతమే బాగుంటుంది. బయట చలి పెరిగేకొద్దీ ఆ అంకె పడిపోతుందని కూడా వాళ్ళు చెప్పరు.

ఇలాంటి అంకె ఒకటి నాకూ ఎదురైంది. ఒకసారి మిల్లుకి ఒక గ్యాస్ బాయిలరు బ్రోచరు వచ్చింది, దక్షత 104 శాతం అని. మా కుర్రాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత కింద చిన్న అక్షరాలు చదివితే అర్థమైంది. గ్యాస్ కాలినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరిలో దాగిన వేడి ఎలాగూ పొగగొట్టంలోనే పోతుంది కదా అని, కొన్ని లెక్కల్లో దాన్ని ‘ఇచ్చిన శక్తి’లో కలపరు. ఆ కొత్త బాయిలరేమో పొగని బాగా చల్లార్చి, ఆవిరిని నీళ్ళుగా మార్చి, ఆ వేడిని కూడా లాక్కుంటుంది. లెక్కలో లేని డబ్బు చేతికి వచ్చింది కాబట్టి వంద దాటింది. మోసం లేదు, గీత వేరేచోట ఉంది. మా పాత బాయిలరు మాటకొస్తే, పొగ ఉష్ణోగ్రత ఇరవై ఇరవై రెండు డిగ్రీలు తగ్గిస్తే ఒక శాతం దక్కేది. ఆ ఒక్క శాతం కోసం ఆదివారాలు ట్యూబుల్లో మసి గీకించేవాణ్ణి.

ప్రశ్న: ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడుతుందా? (చాలామంది)

వేడెక్కుతుంది. లోపలి నుంచి లాగిన వేడినంతా వెనకాల అదే గదిలో వదులుతోంది, పైగా కంప్రెసరు తిన్న కరెంటు కూడా వేడిగా కలుస్తోంది. వెనక భాగం కిటికీ బయట ఉంటే చల్లబడేది. అప్పుడు దాన్నే ఏసీ అంటారు.

ప్రశ్న: అంకుల్, నా పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్. ఫోను బ్యాటరీ 5000. రెండుసార్లు ఫుల్ అవ్వాలి కదా? ఒకసారి ఫుల్, రెండోసారి నలభై శాతం దగ్గర ఆగిపోతోంది. డూప్లికేట్ అంటగట్టారని టెన్షన్‌గా ఉంది. (బీటెక్ విద్యార్థి)

బీటెక్ అంటున్నావు, ఎంఏహెచ్ శక్తి కాదని నీకు నేను చెప్పాలా బాబూ? అది కరెంటునీ గంటల్నీ గుణించిన అంకె. వోల్టేజితో కూడా గుణిస్తేనే శక్తి. పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో 3.7 వోల్టులు అని ఉంటుంది చూడు. 10 ఆంపియర్ అవర్లు ఇంటూ 3.7, అంటే 37 వాట్ అవర్లు. ఫోను బ్యాటరీ 3.85 వోల్టుల దగ్గర 5 ఆంపియర్ అవర్లు, అంటే 19 చిల్లర. అసలే రెండింతలకి కాస్త తక్కువ.

తర్వాత మెట్లు. 3.7ని కేబుల్ కోసం 5 వోల్టులకో ఇంకా పైకో ఎత్తాలి, అక్కడ 15 శాతం దాకా పోతుంది. ఫోను లోపల మళ్ళీ దించి బ్యాటరీలో పోయాలి, అక్కడ పది పన్నెండు శాతం. 37 ఇంటూ 0.85 ఇంటూ 0.88 చేసి 19.25తో భాగించు. 1.44 వస్తుంది. నీ పవర్ బ్యాంక్ ఇచ్చింది 1.4. అసలు సరుకే, టెన్షన్ పడకు. అట్ట మీద ‘5 వోల్టుల దగ్గర రేటెడ్ కెపాసిటీ’ అని ఆరువేల చిల్లర అంకె వెతుకు, నిజాయితీగల అంకె అదే. విమానాల్లో కూడా ఎంఏహెచ్ అడగరు, 100 వాట్ అవర్ల లోపా కాదా అనే చూస్తారు. వైర్‌లెస్ మీద పెట్టి ఛార్జ్ చేస్తే ఇంకా తగ్గుతుంది. ఫోను వెనక వేడెక్కుతుంది కదా, పోయింది అదే.

ప్రశ్న: మోటారుతో జనరేటరు తిప్పి, ఆ కరెంటుతోనే మోటారు నడిపి, పైగా బల్బులు వెలిగిస్తున్న వీడియో చూశాను. మనమెందుకు చేయకూడదు? (ఒక ఔత్సాహికుడు)

మోటారు 90 శాతం, జనరేటరు 90 శాతం, రెండూ మంచివే అనుకోండి. 100 జౌల్స్ ఒక చుట్టు తిరిగొస్తే 81. రెండో చుట్టుకి 66, మూడోదానికి 53. బల్బు సంగతి తర్వాత, ముందు మోటారే ఆగిపోతుంది. బరువైన చక్రం తగిలిస్తే ఆగడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, వీడియో ఆలోపు ముగుస్తుంది. అప్పటికీ తిరుగుతూ ఉంటే బల్ల కింద ఏముందో చూడండి.

ప్రశ్న: ఎక్సర్‌సైజ్ సైకిల్ మీద గంటసేపు 100 వాట్ల దగ్గర తొక్కుతాను. తెర మీద 360 కేలరీలు ఖర్చు అని వస్తుంది. 100 వాట్లు గంటకి 360 కిలోజౌల్స్ కదా, అంకె అదే, యూనిట్ మార్చడం మర్చిపోయారా? ఈ కరెంటుని ఇంట్లో వాడుకోవచ్చా? (ఒక బ్యాంకు ఉద్యోగిని)

చక్కటి అనుమానమమ్మా. మర్చిపోలేదు, యాదృచ్ఛికంగా అలా కుదిరింది. తెర మీద కేలరీ అని చూపేది నిజానికి కిలోకేలరీ. ఒక కిలోకేలరీ అంటే 4.18 కిలోజౌల్స్. మనిషి కండరాలు సైకిల్ తొక్కేటప్పుడు తిన్న శక్తిలో ఇంచుమించు నాలుగో వంతునే పెడల్‌కి అందిస్తాయి, మామూలుగా 20 నుంచి 25 శాతం. ఒకచోట నాలుగుతో భాగించాలి, ఇంకోచోట నాలుగుతో గుణించాలి. రెండూ కొట్టేసుకుని, పెడల్ దగ్గర చేసిన కిలోజౌల్సూ ఒంట్లో ఖర్చయిన కిలోకేలరీలూ దాదాపు ఒకే అంకె అవుతాయి. మిగతా ముప్పావు వంతు వేడే, అందుకే ఆ చెమట.

కరెంటు విషయానికొస్తే, గంటకి మీరు చేసింది యూనిట్‌లో పదో వంతు. డైనమో, బ్యాటరీ దాటేసరికి ఒక 75 వాట్ అవర్లు మిగులుతాయనుకుందాం. దాంతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఎనిమిది గంటల పైన వెలుగుతుంది. సాయంత్రం వేస్తే పడుకునేదాకా సరిపోగా ఇంకా మిగులుతుంది. ఇదే మాట మా కాలంలో అడిగి ఉంటే, అంతే వెలుగుకి 60 వాట్ల బల్బు పెట్టి, గంటా పావు తర్వాత మళ్ళీ సైకిలెక్కమని చెప్పాల్సి వచ్చేది.